విండోస్ సౌండ్ సెట్టింగ్స్ మారిస్తే పాట క్వాలిటీ నిజంగా పెరుగుతుందా? ఏవి పనిచేస్తాయి, ఏవి ఉత్త నంబర్లు

ల్యాప్‌టాప్‌లో సౌండ్ సెట్టింగ్స్ ఓపెన్ చేస్తే "ఫార్మాట్" అని ఒక లిస్టు కనిపిస్తుంది. 16 బిట్, 44100 హెర్ట్జ్ పక్కన "సీడీ క్వాలిటీ" అని ఉంటుంది. 16 బిట్, 48000 పక్కన "డీవీడీ క్వాలిటీ". 24 బిట్ ఆప్షన్ల పక్కన "స్టూడియో క్వాలిటీ". ఇది చూడగానే ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది: ఫ్రీగా స్టూడియో క్వాలిటీ ఇస్తానంటే సీడీ దగ్గర ఎందుకు ఆగాలి? వెంటనే అన్నిటికన్నా కిందున్న 24 బిట్, 192000 హెర్ట్జ్ సెలెక్ట్ చేసి పాట ప్లే చేస్తాం. "అబ్బ, ఎంత క్లియర్‌గా ఉందో" అనిపిస్తుంది కూడా.

నిజంగా క్లియర్ అయిందా, లేక నంబర్ పెరిగింది కాబట్టి అలా అనిపించిందా? ఈ ఆర్టికల్‌లో దీన్నే స్టెప్ బై స్టెప్ చూద్దాం. ముందే చెప్పేస్తున్నా: కంప్యూటర్‌లో సౌండ్‌ని బాగా మార్చే సెట్టింగ్స్ ఉన్నాయి. కాకపోతే అవి మనం మొదట వెళ్లి మార్చే సెట్టింగ్స్ కావు.

ఇది తెలుసుకోవడం ఎందుకంటే, ఇందులో మన డబ్బులు ఉన్నాయి. మా బాన్సువాడ లాంటి ఊళ్లలో నాలుగు హెడ్‌ఫోన్స్ పక్కపక్కన పెట్టుకొని, విని, పోల్చి కొనే వీలు తక్కువ. ఆన్‌లైన్‌లో బాక్స్ మీద నంబర్లు చూసి ఆర్డర్ పెట్టేస్తాం. 192, 384, 32 బిట్, హై-రెస్ స్టిక్కర్... ఏ నంబర్ చెవికి వినిపిస్తుందో, ఏది బాక్స్ మీద అందానికో తెలియకపోతే, 2 వేలతో అయ్యే పనికి 10 వేలు పెడతాం.

ముందు పాట ప్రయాణం చూద్దాం

మీరు ప్లే నొక్కినప్పుడు జరిగేది ఇది. ఒకటి, ప్లేయర్ యాప్ ఫైల్‌ని డీకోడ్ చేస్తుంది. ఎంపీ3 అయినా, ఏఏసీ అయినా, ఫ్లాక్ అయినా చివరికి వరుసగా ఉండే నంబర్లుగా మారుతుంది. రెండు, ఆ నంబర్లు విండోస్ ఆడియో ఇంజిన్‌కి వెళ్తాయి. పాట, బ్రౌజర్ ట్యాబ్, నోటిఫికేషన్ "టింగ్", అన్నీ అక్కడ కలుస్తాయి. ఇలా కలిపే లెక్క 32 బిట్ ఫ్లోటింగ్ పాయింట్‌లో జరుగుతుంది. మూడు, మీరు సెలెక్ట్ చేసిన ఫార్మాట్‌లోకి మారి డ్రైవర్‌కి వెళ్తాయి. నాలుగు, డాక్ అనే చిప్ ఆ నంబర్లని కరెంట్‌గా మారుస్తుంది. ఐదు, యాంప్లిఫయర్ దాన్ని పెంచి హెడ్‌ఫోన్‌కి ఇస్తుంది. ఆరు, హెడ్‌ఫోన్ గాలిని కదిలిస్తుంది, మనం వింటాం.

ఈ దారిలో ప్రతి సెట్టింగ్‌ని రెండే ప్రశ్నలు అడగండి. ఇది పాటలో ఉన్న సమాచారాన్ని ఏమైనా పోగొడుతోందా? లేదా పాటని కావాలని ఏమైనా మారుస్తోందా? రెండూ లేకపోతే ఆ సెట్టింగ్ వల్ల మీకు వినిపించే తేడా రాదు. ఇంకో మాట: ఫైల్‌లో లేని దాన్ని ఏ ఫార్మాట్ సెట్టింగూ తెచ్చి పెట్టలేదు. బోరులో లేని నీళ్లు పెద్ద మోటారు బిగిస్తే రావు కదా, అలాగే.

శాంపిల్ రేట్: 44.1 సరిపోతుందా, 192 కావాలా?

శాంపిల్ రేట్ అంటే సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలిచారు అని. సీడీ 1982లో మార్కెట్‌లోకి వచ్చినప్పుడు సోనీ, ఫిలిప్స్ కంపెనీలు 44,100 అని పెట్టాయి. ఆ నంబర్ వెనక లెక్క ఉంది. మనిషి చెవి మంచి వయసులో ఉన్నప్పుడు వినగలిగే అతి సన్నని సౌండ్ సుమారు 20 కిలోహెర్ట్జ్. నైక్విస్ట్-షానన్ సిద్ధాంతం ప్రకారం ఏ ఫ్రీక్వెన్సీనైనా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలి. 44.1లో సగం 22.05. అంటే చెవి వినే పరిధి మొత్తం కవర్ అయిపోయి, ఫిల్టర్ పనిచేయడానికి కొంచెం జాగా కూడా మిగులుతుంది.

యూట్యూబ్ వీడియోల్లో తరచూ ఒక బొమ్మ చూపిస్తారు. తక్కువ శాంపిల్ రేట్‌లో సౌండ్ మెట్లు మెట్లుగా ఉంటుందని, రేట్ పెంచితే మెట్లు చిన్నవై నున్నగా అవుతుందని. ఈ బొమ్మ తప్పు దారి పట్టిస్తుంది. డాక్‌లోని ఫిల్టర్ దాటి బయటికి వచ్చే సిగ్నల్‌లో మెట్లు ఉండవు. స్కూల్లో చదివిన జామెట్రీ గుర్తు తెచ్చుకోండి. ఒకే సరళరేఖ మీద లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక వృత్తం వెళ్తుంది. మూడు బిందువులు తెలిస్తే చాలు, వృత్తం మొత్తం తెలిసిపోయినట్టే. ఇంకో వంద బిందువులు ఇచ్చినా వృత్తం ఇంకా గుండ్రంగా అవ్వదు. శాంపిల్స్ కూడా అంతే. పరిధి లోపల ఉన్న సౌండ్‌కి ఆ బిందువుల గుండా వెళ్లే గీత ఒక్కటే ఉంటుంది. డాక్ ఆ గీతనే గీస్తుంది.

మరి పాట 44.1లో ఉండి, విండోస్‌ని 192కి పెడితే? విండోస్ మధ్యలో బిందువులు లెక్కకట్టి నింపుతుంది. ఆ కొత్త బిందువులు ఉన్న గీత మీదే పడతాయి. కొత్త సమాచారం సున్నా. ల్యాప్‌టాప్‌కి మాత్రం కొంచెం ఎక్కువ పని.

"నిజమైన హై-రెస్ ఫైల్ అయితే తేడా తెలుస్తుంది కదా?" అని అడగొచ్చు. దీన్ని కూడా సీరియస్‌గా టెస్ట్ చేశారు. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో ఒక పేపర్ వేశారు. హై-రెస్ డిస్క్‌ని డైరెక్ట్‌గా వినిపించడం, అదే సౌండ్‌ని సీడీ స్థాయికి తగ్గించి వినిపించడం, ఏది ఏదో చెప్పమనడం. 554 ప్రయత్నాల్లో 276 కరెక్ట్ అయ్యాయి. అంటే 49.8 శాతం, నాణెం ఎగరేసినట్టే. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రీస్ 18 ప్రయోగాల ఫలితాలు కలిపి లెక్కేశారు. అందులో సగటు 52.3 శాతం వచ్చింది. ముందే ట్రైనింగ్ ఇచ్చిన వాళ్లకి ఇంకొంచెం బాగా వచ్చింది. కాబట్టి "తేడా అస్సలు ఉండదు" అని మొండిగా అనక్కర్లేదు. కానీ ట్రైనింగ్ తీసుకొని, మంచి సిస్టమ్ మీద, నిశ్శబ్దంగా ఉన్న గదిలో వింటేనే అంత చిన్న తేడా. ఫ్యాన్ తిరుగుతున్న హాస్టల్ రూమ్‌లో దాన్ని వెతకడం దండగ.

బిట్ డెప్త్: 24 బిట్ వల్ల నిజమైన లాభం ఎక్కడ?

ఒక్కో బిట్‌కి సుమారు 6 డెసిబెల్స్ రేంజ్ వస్తుంది. 16 బిట్‌కి సుమారు 96, 24 బిట్‌కి సుమారు 144. ఈ రేంజ్ అంటే పాటలో అతి పెద్ద సౌండ్‌కీ, అడుగున ఉండే సన్నని "సుయ్" మనే నాయిస్‌కీ మధ్య దూరం.

96 తక్కువా? లెక్క వేద్దాం. రాత్రి పూట బాగా ప్రశాంతంగా ఉన్న గదిలో కూడా 30 డెసిబెల్స్ దాకా సౌండ్ ఉంటుంది. 16 బిట్ నాయిస్ ఆ 30ని దాటి వినిపించాలంటే పాటలో పెద్ద సౌండ్ 126 దాకా వెళ్లాలి. అది చెవి నొప్పి పుట్టే స్థాయి. మామూలుగా వినేటప్పుడు ఆ నాయిస్ ఎప్పటికీ బయటపడదు.

అయినా నేను 24 బిట్ పెట్టమనే చెప్తాను. కారణం వాల్యూమ్. కంప్యూటర్‌లో వాల్యూమ్ తగ్గించడం చాలాసార్లు నంబర్లని చిన్నవిగా చేయడమే. ప్రతి 6 డెసిబెల్స్ తగ్గింపుకి ఒక బిట్ పోయినట్టు. అవుట్‌పుట్ 16 బిట్ ఉండి 24 డెసిబెల్స్ తగ్గిస్తే పాటకి 12 బిట్లు మిగులుతాయి. అవుట్‌పుట్ 24 బిట్ ఉంటే అంత తగ్గించినా 20 మిగులుతాయి. ఖర్చు లేదు, నష్టం లేదు. అందుకే పెట్టి వదిలేయండి. "స్టూడియో క్వాలిటీ" అని రాసి ఉన్నందుకు మాత్రం కాదు.

ఎక్స్‌క్లూజివ్ మోడ్ సంగతి ఏంటి?

ఫూబార్2000, మ్యూజిక్‌బీ లాంటి ప్లేయర్లలో వసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్ అని ఉంటుంది. ఇది ఆన్ చేస్తే ప్లేయర్ విండోస్ మిక్సర్‌ని పక్కనపెట్టి డైరెక్ట్‌గా సౌండ్ డివైస్‌తో మాట్లాడుతుంది. ఫైల్ 44.1 అయితే డాక్‌కి కూడా 44.1గానే వెళ్తుంది. ఆ టైమ్‌లో వేరే యాప్ ఏదీ సౌండ్ చేయలేదు. పాట వింటుండగా ఫ్రెండ్ వాట్సాప్ కాల్ చేస్తే ల్యాప్‌టాప్‌లో రింగ్ కూడా వినపడదు.

ఈ మోడ్‌కి పేరు ఎక్కువగా రావడానికి చరిత్ర ఉంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఉన్న పాత మిక్సర్ మీద ఆడియో ప్రియులకి చాలా కంప్లయింట్లు ఉండేవి. 2007లో విస్టాతో మైక్రోసాఫ్ట్ ఆ సిస్టమ్‌ని కొత్తగా రాసింది. కానీ ఎక్స్‌పీ కాలం నాటి సలహాలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. ఈ రోజు ఎక్స్‌క్లూజివ్ మోడ్ వాడటం తప్పేం కాదు. ఎన్‌హాన్స్‌మెంట్స్, నోటిఫికేషన్ సౌండ్స్ మధ్యలో దూరకుండా చూసుకోవడానికి పనికొస్తుంది. మిక్సర్ సరిగ్గా పనిచేస్తున్నప్పుడు దీనివల్ల "కొత్త డీటెయిల్స్" మాత్రం వినిపించవు.

మ్యాక్ వాడేవాళ్లకి ఇవే ఆప్షన్లు ఆడియో మిడి సెటప్ అనే యాప్‌లో ఉంటాయి. లినక్స్‌లో పైప్‌వైర్ మామూలుగా 48 కిలోహెర్ట్జ్‌లో నడుస్తుంది. లాజిక్ అన్నిచోట్లా ఒకటే.

ఇప్పుడు అసలు విలన్: బ్లూటూత్ హ్యాండ్స్-ఫ్రీ

ఇప్పటిదాకా వినిపించని తేడాల గురించి మాట్లాడాం. ఇది ఎవరి చెవికైనా రెండు సెకన్లలో తెలిసే తేడా.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌కి ల్యాప్‌టాప్‌తో మాట్లాడటానికి రెండు దారులు ఉంటాయి. ఒకటి ఏ2డీపీ. ఇది పాటల కోసం: స్టీరియో, మంచి క్వాలిటీ, కానీ ఒకవైపే, మైక్ ఉండదు. రెండోది హ్యాండ్స్-ఫ్రీ ప్రొఫైల్. ఇది ఫోన్ కాల్స్ కోసం: మైక్ పనిచేస్తుంది, కానీ సౌండ్ మోనో. శాంపిల్ రేట్ 8 లేదా 16 కిలోహెర్ట్జ్ మాత్రమే. అందులో సగం అంటే వినిపించేది 4 లేదా 8 కిలోహెర్ట్జ్ దాకానే. తాళాలు, సింబల్స్ మెరుపు మొత్తం పోతుంది. మాటల్లో శ, ష, స తేడా కూడా మసకబారుతుంది, ఎందుకంటే ఆ అక్షరాల బలం అంతా పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది.

ఏదైనా యాప్ ఇయర్‌బడ్స్ మైక్‌ని ఓపెన్ చేసిన క్షణంలో విండోస్ మొదటి దారి నుంచి రెండో దారికి మారిపోతుంది. గూగుల్ మీట్, జూమ్, డిస్కార్డ్, వాయిస్ చాట్ ఉన్న గేమ్, ఏదైనా సరే. బ్యాక్‌గ్రౌండ్‌లో ఒక యాప్ మైక్ పట్టుకొని కూర్చున్నా అంతే. పాట బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. అప్పుడు చాలామంది ఇయర్‌బడ్స్ పాడయ్యాయనుకొని రిటర్న్ పెట్టేస్తారు. లేదా సెట్టింగ్స్‌లోకి వెళ్లి 192 పెడతారు. దారే ఇరుకైనప్పుడు 192 పెట్టి ఏం లాభం?

పరిష్కారం సింపుల్. మీట్ లేదా జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో స్పీకర్‌గా ఇయర్‌బడ్స్‌ని ఉంచి, మైక్రోఫోన్‌గా ల్యాప్‌టాప్ సొంత మైక్‌ని ఎంచుకోండి. వెంటనే సౌండ్ తిరిగి స్టీరియో అయిపోతుంది. విండోస్ 10లో అయితే అవుట్‌పుట్ లిస్టులో ఒకే ఇయర్‌బడ్స్ రెండు పేర్లతో కనిపిస్తాయి. "స్టీరియో" అని ఉన్నది పాటలకి, "హ్యాండ్స్-ఫ్రీ" అని ఉన్నది కాల్స్‌కి. కొత్తగా వచ్చిన ఎల్ఈ ఆడియో ఈ సమస్యని తీరుస్తుంది. అయితే ల్యాప్‌టాప్, ఇయర్‌బడ్స్ రెండూ దాన్ని సపోర్ట్ చేయాలి.

క్యాంపస్ ఇంటర్వ్యూలు, ఆన్‌లైన్ రౌండ్లు ఉన్నవాళ్లు ఇది ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి. హ్యాండ్స్-ఫ్రీలో మీకు పాట ఎలా వినిపిస్తుందో, అవతలి వాళ్లకి మీ గొంతు కూడా దాదాపు అలాగే వెళ్తుంది. సాధారణ వైర్డ్ ఇయర్‌ఫోన్ మైక్ చాలాసార్లు దీనికన్నా స్పష్టంగా ఉంటుంది.

పనిలో పని, ఇంకో సెట్టింగ్ కూడా చూడండి. మోర్ సౌండ్ సెట్టింగ్స్‌లో "కమ్యూనికేషన్స్" ట్యాబ్ ఉంటుంది. కాల్ మొదలవగానే మిగతా సౌండ్స్‌ని 80 శాతం తగ్గించాలని అందులో డిఫాల్ట్‌గా పెట్టి ఉంటుంది. కాల్ వచ్చినప్పుడు పాట సడన్‌గా చిన్నబోతుంటే కారణం ఇదే. "డూ నథింగ్" పెడితే సరిపోతుంది.

ఎన్‌హాన్స్‌మెంట్స్: మారుస్తాయి, కానీ మెరుగుపరుస్తాయా?

బేస్ బూస్ట్, వర్చువల్ సరౌండ్, లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్, ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే డాల్బీ, డీటీఎస్ యాప్‌లు... ఇవన్నీ సౌండ్‌ని నిజంగానే మారుస్తాయి. చిన్న ల్యాప్‌టాప్ స్పీకర్లలో సన్నగా వచ్చే సౌండ్‌కి కొంచెం బలం ఇస్తాయి కూడా. ఆ స్పీకర్లలో వినేటప్పుడు కంపెనీ ఇచ్చిన యాప్ ఆన్‌లో ఉంచుకోవడమే మేలు.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు లెక్క వేరు. లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ మెల్లని సౌండ్‌ని పెంచి, పెద్ద సౌండ్‌ని తగ్గిస్తుంది. సార్ గొంతు పైకీ కిందకీ పోయే రికార్డెడ్ క్లాసులకి ఇది బ్రహ్మాండం. పాటకి పెడితే మాత్రం, పల్లవి ముందు నెమ్మదిగా వచ్చే వీణ, ఆ తర్వాత పడే డప్పు ఒకే ఎత్తులో వినిపిస్తాయి. మ్యూజిక్ డైరెక్టర్ కావాలని పెట్టిన ఎగుడుదిగుళ్లు చదునైపోతాయి.

స్పేషియల్ సౌండ్ కూడా అంతే. ఆర్ఆర్ఆర్ లాంటి సినిమాకి థియేటర్‌లో అట్మాస్ పనిచేసిందంటే, మిక్సింగ్ అలా చేశారు, తలపైన కూడా స్పీకర్లు ఉన్నాయి. 5.1 ట్రాక్ ఉన్న సినిమాకి, గేమ్‌కి హెడ్‌ఫోన్‌లో స్పేషియల్ ఆన్ చేస్తే అర్థం ఉంది. మామూలు స్టీరియో పాటకి పెడితే కొంచెం గూంజ్ కలిసి "పెద్ద హాల్" ఫీలింగ్ వస్తుంది, అంతే. "8డీ సాంగ్స్" కూడా ఇదే కోవ: స్టీరియో పాటని ఎడమకీ కుడికీ తిప్పుతూ కొంచెం గూంజ్ కలిపినవి.

సౌండ్ ఎందుకు పగులుతుంది?

డిజిటల్‌లో ఒక గరిష్ఠ నంబర్ ఉంటుంది. దాన్ని దాటి పోవడానికి వీల్లేదు. దాటితే అల కొన తెగిపోతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. గణేశ్ నిమజ్జనంలో డీజే వాడు అన్ని నాబ్‌లూ చివరిదాకా తిప్పినప్పుడు "బర్ర్" మని వచ్చేది కూడా ఈ జాతిదే.

ఇప్పటి సినిమా పాటలు చాలావరకు ఆ గరిష్ఠానికి ఆనుకొనే మాస్టర్ చేసి ఉంటాయి. వాటి మీద ఈక్వలైజర్‌లో బేస్‌ని 6 డెసిబెల్స్ పెంచితే ఆ అల ఎత్తు రెట్టింపు అవుతుంది. పోవడానికి జాగా లేక పగులుతుంది. వీఎల్‌సీలో వాల్యూమ్‌ని 100 దాటించి 125 పెట్టినా ఇదే కథ. అప్పుడు స్పీకర్‌ని తిట్టుకోవద్దు.

రూల్ గుర్తుపెట్టుకోండి: ఈక్వలైజర్‌లో ఏ బ్యాండ్‌నైనా ఎంత పెంచుతారో, ప్రీయాంప్‌ని అంత తగ్గించండి. బేస్ +6 అయితే ప్రీయాంప్ -6. మొత్తం వాల్యూమ్ తగ్గినట్టు అనిపిస్తే వాల్యూమ్ వీల్ పెంచుకోండి. ఇంకోటి: విండోస్ ఎన్‌హాన్స్‌మెంట్, కంపెనీ యాప్, ప్లేయర్ ఈక్వలైజర్, మూడూ ఒకేసారి వద్దు. ఒకే ఒక్కచోట మార్చండి.

128, 320: ఫైల్‌లోనే ఉంది అసలు విషయం

మనలో చాలామంది తెలుగు పాటలు డౌన్‌లోడ్ చేసిన సైట్లలో రెండు బటన్లు ఉండేవి: 128 కేబీపీఎస్, 320 కేబీపీఎస్. సీడీ స్థాయి స్టీరియోకి సెకనుకి 44,100 × 16 × 2, అంటే 1,411 కిలోబిట్స్ కావాలి. 128 అంటే అందులో పదకొండో వంతు. ఐదు నిమిషాల పాట సీడీలో సుమారు 53 ఎంబీ, 320లో 12 ఎంబీ, 128లో 4.8 ఎంబీ. మిగతాది చెవి పెద్దగా పట్టించుకోదని లెక్కేసి ఎంపీ3 తీసేస్తుంది. 128లో ఆ కోత కొన్ని పాటల్లో వినిపిస్తుంది. ముఖ్యంగా చప్పట్లు, తాళాలు, కోరస్ దగ్గర నీళ్లలో కదిలినట్టు. 320లో పట్టుకోవడం చాలా కష్టం.

చిక్కేంటంటే, 128 ఫైల్‌ని తీసుకొని 320గా మళ్లీ సేవ్ చేయొచ్చు. సైజు పెరుగుతుంది, పేరు మారుతుంది, పోయింది తిరిగి రాదు. దీన్ని మీరే చెక్ చేయొచ్చు. ఆడాసిటీలో ఫైల్ ఓపెన్ చేసి స్పెక్ట్రోగ్రామ్ వ్యూ పెట్టండి, లేదా స్పెక్ అనే చిన్న ఫ్రీ ప్రోగ్రామ్ వాడండి. కొత్త పాట 320 అయితే సౌండ్ సుమారు 20 కిలోహెర్ట్జ్ దాకా కనిపించాలి. 16-17 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అది 128 నుంచి వచ్చిందేమోనని అనుమానించాలి. పాత పాటలకి ఈ టెస్ట్ పనిచేయదు. ఘంటసాల కాలం నాటి రికార్డింగ్‌లలో పై ఫ్రీక్వెన్సీలు మొదటినుంచే తక్కువ.

పాత సౌండ్‌ని నిజంగా మార్చాలంటే ఏం కావాలో మాయాబజార్ చెబుతుంది. 1957లో వచ్చిన ఆ సినిమా సౌండ్ మోనో. హైదరాబాద్‌కి చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ దానికి రంగులు అద్ది 2010 జనవరిలో విడుదల చేసినప్పుడు సౌండ్‌ని కూడా డీటీఎస్ 5.1కి మార్చారు. అది మనుషులు కూర్చొని ఆ సినిమా కోసం ప్రత్యేకంగా చేసిన పని. ల్యాప్‌టాప్‌లో ఒక డ్రాప్‌డౌన్ మార్చి అలాంటి ఫలితం ఆశించకూడదు.

స్ట్రీమింగ్ యాప్‌లలో మాత్రం ఒక సెట్టింగ్ తప్పకుండా చూడాలి. డేటా ఆదా కోసం క్వాలిటీని "లో" లేదా "ఆటోమేటిక్"లో పెట్టి మర్చిపోయి ఉంటాం. స్పాటిఫైలో "లో" అంటే సుమారు 24 కేబీపీఎస్, "వెరీ హై" అంటే 320. విండోస్ ఫార్మాట్ లిస్టులో ఏ ఆప్షన్ కూడా ఇంత తేడా తీసుకురాలేదు.

నమ్మకండి, టెస్ట్ చేయండి

మన చెవికి ఒక బలహీనత ఉంది. రెండు సౌండ్లలో ఒకటి రవ్వంత పెద్దగా ఉంటే, అది "పెద్దగా ఉంది" అని కాకుండా "బాగుంది" అని అనిపిస్తుంది. సెట్టింగ్ మార్చినప్పుడు వాల్యూమ్ కొంచెం మారితే చాలు, మోసపోతాం. దానికి తోడు ఏం మార్చామో మనకి తెలుసు కాబట్టి మనసు ముందే తీర్పు ఇచ్చేస్తుంది.

అందుకే బ్లైండ్ టెస్ట్. ఫైల్స్ పోల్చాలంటే ఫూబార్2000లో ఏబీఎక్స్ కంపేరేటర్ అనే ఫ్రీ ప్లగిన్ ఉంది. ఒక ఫ్లాక్ పాట తీసుకొని, దాన్నే 128కి, 320కి కన్వర్ట్ చేసి పోల్చండి. విండోస్ సెట్టింగ్స్ పోల్చాలంటే ఫ్రెండ్ సాయం కావాలి. మీరు స్క్రీన్‌కి వీపు పెట్టి కూర్చోండి. ఫ్రెండ్ ప్రతిసారీ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే 48000, బొరుసు పడితే 192000 పెట్టి, పాటలో అదే 20 సెకన్లు వినిపించాలి. మీరు ఏదో చెప్పాలి, తను పేపర్ మీద రాసుకోవాలి. మధ్యలో రిజల్ట్ చెప్పకూడదు.

కనీసం 16 సార్లు చేయండి. 10లో 7 కరెక్ట్ వచ్చిందని సంబరపడొద్దు. ఊరికే ఊహించినా 7 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చే అవకాశం 17 శాతం ఉంది. 16లో 12 దాటితే అది ఊహ అయ్యే అవకాశం 4 శాతం లోపే. అప్పుడు మీకు తేడా వినిపిస్తోందని ధైర్యంగా చెప్పొచ్చు. 8, 9 దగ్గర ఆగితే ఆ సెట్టింగ్ మీద, దాని కోసం కొనాలనుకున్న వస్తువు మీద ఇంకో రూపాయి పెట్టకండి.

సెట్టింగ్స్ ఇలా పెట్టి వదిలేయండి

1. ఫార్మాట్: 24 బిట్, 48000 హెర్ట్జ్. వీడియోలు, గేమ్స్ ఎక్కువగా 48లోనే ఉంటాయి. 44.1 పాటలు కూడా ఇబ్బంది లేకుండా ప్లే అవుతాయి.
2. హెడ్‌ఫోన్‌కి ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్. ల్యాప్‌టాప్ స్పీకర్లకి మీ ఇష్టం.
3. స్పేషియల్ సౌండ్: పాటలకి ఆఫ్, గేమ్‌కి, సినిమాకి కావాలంటే ఆన్.
4. "మోనో ఆడియో" పొరపాటున ఆన్‌లో ఉందేమో, ఎడమ-కుడి బ్యాలెన్స్ సమానంగా ఉందో లేదో చూడండి.
5. బ్లూటూత్‌లో పాటలు వినేటప్పుడు ఏ యాప్ కూడా ఇయర్‌బడ్స్ మైక్ వాడకుండా చూడండి.
6. ప్లేయర్ వాల్యూమ్ 100 దాటకుండా ఉంచి, మిగతాది విండోస్ వాల్యూమ్‌తోనో, స్పీకర్ నాబ్‌తోనో తగ్గించుకోండి.
7. స్ట్రీమింగ్ యాప్‌లో క్వాలిటీ పెంచండి.

ఇవన్నీ చేశాక కూడా ఛార్జర్ పెట్టగానే హెడ్‌ఫోన్‌లో గుర్రుమనే హమ్ వస్తుంటే, అది సెట్టింగ్స్‌తో పోయేది కాదు. ముందు ఛార్జర్ తీసి బ్యాటరీ మీద విని చూడండి. అప్పుడు పోతే కారణం కరెంట్ వైపు ఉంది. ఎర్తింగ్ సరిగ్గా లేని ప్లగ్ పాయింట్ అయితే ఇంకో పాయింట్‌లో పెట్టి చూడండి. అప్పటికీ జాక్‌లో నాయిస్ ఉంటే చిన్న యూఎస్‌బీ డాక్ డాంగిల్ కొనడంలో అర్థం ఉంది. దానికి 32 బిట్, 384 అక్కర్లేదు. మామూలుది చాలు.

ఇక మిగిలిన డబ్బు మొత్తం హెడ్‌ఫోన్ మీద పెట్టండి. రెండు హెడ్‌ఫోన్స్ మధ్య తేడా ఎవరి చెవికైనా తెలుస్తుంది, బ్లైండ్ టెస్ట్ కూడా అక్కర్లేదు. ఉన్న ఇయర్‌ఫోన్స్‌లో బేస్ రావట్లేదంటే కొత్తవి కొనే ముందు బాక్స్‌లో వచ్చిన వేరే సైజు టిప్స్ వేసి చూడండి. చెవిలో గాలి లీకైతే మొదట పోయేది బేసే.

చివరిగా వాల్యూమ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్‌లో అయితే వారానికి 40 గంటల దాకా వినొచ్చు. 90కి పెంచితే 4 గంటలే. మంచి సీల్ ఉన్న ఇయర్‌ఫోన్ బస్సు చప్పుడుని ఆపుతుంది కాబట్టి తక్కువ వాల్యూమ్‌లోనే పాట సరిగ్గా వినిపిస్తుంది. ఫార్మాట్ లిస్టుని ఎన్నిసార్లైనా మార్చి వెనక్కి పెట్టుకోవచ్చు. వినికిడి ఒకసారి తగ్గితే వెనక్కి తెచ్చే సెట్టింగ్ ఏ కంప్యూటర్‌లోనూ లేదు.